పైలట్ ముద్దుపేరు ఎవరు పెడతారు?

ప్రశ్న: మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్. మావాడు మరాఠీ మీడియంలో పదో తరగతి. ఫైటర్ పైలట్ అవుతానని అప్పుడే ‘వజ్ర’ అని పేరు పెట్టుకుని నోట్‌బుక్కుల నిండా, సైకిల్ మడ్‌గార్డ్ మీద కూడా రాసుకున్నాడు. ఎయిర్‌ఫోర్స్‌లో ఆ పేరు ఇస్తారా? ఈ పిచ్చి మాన్పించాలా?

జవాబు: మాన్పించకండన్నా, దారిలో పెట్టండి చాలు. ముందు పేరు సంగతే చెప్తాను, ఎందుకంటే వాడి చెవికి ఇప్పుడు ఎక్కేది అదే. కాల్‌సైన్ అనే ఆ ముద్దుపేరు సాధారణంగా ఎవరూ సొంతంగా పెట్టుకోరు. స్క్వాడ్రన్‌లో, అంటే యుద్ధవిమానాల దళంలో చేరి, నలుగురితో కలిసి ఎగిరి, కలిసి తిని, సీనియర్ల చేత చీవాట్లు కూడా తిన్నాక తోటివాళ్లే తగిలిస్తారు. అమెరికాలో అయితే ఒక సాయంత్రం అందరూ కూర్చుని కొత్తవాడి పొరపాట్లన్నీ తవ్వి తీసి మరీ పెడతారు, నాకు ఫలానా పేరు కావాలని అడిగాడో, ఇంకాస్త నవ్వొచ్చేది అంటగడతారు. ఇంటిపేరు కుదించడమూ ఉంది: 2025 జూన్‌లో అంతరిక్ష కేంద్రానికి వెళ్లిన మన ఎయిర్‌ఫోర్స్ పైలట్ శుభాంశు శుక్లా ‘షక్స్’ అయ్యారు.

నాకు మాత్రం మన ఫైటర్ పైలట్ నిర్మల్‌జీత్ సింగ్ సెఖోన్ పేరంటే ప్రాణం. ఆయన అందరినీ ‘బ్రదర్’ అని పిలిచేవారు, దాంతో తోటివాళ్లు ఆయన్నే బ్రదర్ అనేశారు. 1971 డిసెంబర్ 14న శ్రీనగర్ ఎయిర్‌ఫీల్డ్ మీద పాకిస్తాన్ సేబర్ జెట్లు దాడి చేస్తుంటే, ఆ రన్‌వే మీద నుంచే నాట్ అనే చిన్న యుద్ధవిమానం లేపి వాటితో తలపడి ప్రాణాలిచ్చారు. ఎయిర్‌ఫోర్స్‌లో పరమవీర చక్ర వచ్చింది ఆయనొక్కరికే.

ఇది చెప్పి, క్లాసులో నిన్ను ఏమని పిలుస్తారు, ఎందుకలా పిలుస్తారు అని మీవాణ్ణి అడగండి. సైన్యంలో ఆఫీసర్లను ఎంపిక చేసే ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూ 5 రోజులు సాగుతుంది, అందులో కొన్ని చెక్కలు, ఒక తాడు, ఒక బరువు చేతికిచ్చి, ఎర్రరంగు వేసిన చోట తాకకుండా గుంపంతా కలిసి దాటమంటారు. పక్కవాడి మాట వినకుండా తనొక్కడే అరిచేవాడు అక్కడే దొరికిపోతాడు. ఇంట్లో కూర్చుని చదివితే వచ్చేది కాదది, వాణ్ణి కబడ్డీకో వాలీబాల్‌కో పంపండి.

ఇక చదువు. పదకొండులో ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ తప్పనిసరి. పన్నెండు తర్వాత ఆఫీసర్ శిక్షణకు తీసుకునే నేషనల్ డిఫెన్స్ అకాడమీ, అదే ఎన్‌డీఏ, రాతపరీక్షలో మ్యాథ్స్‌కి 300, జనరల్ ఎబిలిటీకి 600 మార్కులు, ఆ 600లో 200 ఇంగ్లిష్‌వే. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ అయిన మన పిల్లలు తడబడేది అక్కడే, కాబట్టి ఇంగ్లిష్ ఇవాళే మొదలుపెట్టించండి. పది తర్వాత ఎన్‌డీఏ కోసమే తయారుచేసే ప్రభుత్వ సంస్థ, సర్వీసెస్ ప్రిపరేటరీ ఇన్‌స్టిట్యూట్, ఛత్రపతి సంభాజీనగర్‌లో ఉంది. మహారాష్ట్ర పిల్లలకే, రాతపరీక్ష, ఇంటర్వ్యూ పెట్టి తీసుకుంటారు. ఆ నోటిఫికేషన్ మాత్రం వదలకండి.

పైలట్ ఆప్టిట్యూడ్ పరీక్ష, సీపీఎస్‌ఎస్, జీవితంలో ఒక్కసారే. అది పోతే ఫ్లయింగ్ బ్రాంచ్ పోయినట్టే, మిగతా బ్రాంచీలు ఉంటాయి. ఏ కోచింగ్‌కైనా ఫీజు కట్టేముందు నాందేడ్‌లో కంటి డాక్టర్ దగ్గర చూపు, రంగులు గుర్తించే పరీక్ష రెండూ చేయించండి.