సెయింట్ లూసియా ట్రిప్‌లో ట్యాక్సీకి, హోటల్లో ఎంత టిప్పు ఇవ్వాలి?

క్రిస్మస్ సెలవులకి డాలస్ నుంచి అమ్మానాన్నల్ని, ఇద్దరు పిల్లల్ని తీసుకుని కరీబియన్ సముద్రంలోని సెయింట్ లూసియా దీవికి వెళ్తున్నామని రాశారు. ట్యాక్సీ వాళ్లకి, హోటల్ సిబ్బందికి అమెరికాలో లాగా ఇరవై శాతం ఇవ్వాలా, లేక అంతా బిల్లులోనే కలిసి ఉంటుందా అని మీ ప్రశ్న. మేమూ పెద్దవాళ్లతో, పిల్లలతో ఆ దీవికి వెళ్లొచ్చాం కాబట్టి అక్కడ చూసింది, మేము పాటించింది చెప్తాను.

ముందు సూటిగా జవాబు. ఇరవై శాతం లెక్క అక్కడ పక్కన పెట్టేయండి. హోటళ్లలో, కూర్చుని తినే రెస్టారెంట్లలో పది శాతం సర్వీస్ ఛార్జి చాలావరకు బిల్లులోనే పడుతుంది. అది పడ్డ చోట మళ్లీ ఇవ్వాల్సిన పని లేదు. కానీ ఆ పది శాతం చేరని వాళ్లు చాలామంది ఉంటారు. ట్యాక్సీ డ్రైవరు, సామాను మోసే అబ్బాయి, పడవ మీద పనిచేసేవాళ్లు, కొండ ఎక్కించే గైడు. గదులు శుభ్రం చేసే ఆవిడకి వాటా ఉన్నా అది పదిమందితో పంచుకునే డబ్బే. మీ చేతిలో డబ్బు వీళ్ల కోసం ఉంచుకోండి.

ఇక ట్యాక్సీల సంగతి వివరంగా చెప్పాలి, టెన్షన్ ఎక్కువ అక్కడే కాబట్టి. అమెరికా విమానాలు దిగేది హెవనోరా ఎయిర్‌పోర్టులో. అది దీవికి దక్షిణం కొసన వ్యూ ఫోర్ దగ్గర ఉంది. హోటళ్లలో ఎక్కువ భాగం ఉత్తరాన కాస్ట్రీస్, రోడ్నీ బే వైపు. మధ్యలో గంటన్నర ఘాట్ రోడ్డు. ట్యాక్సీల్లో మీటర్లు ఉండవు, ఊరిని బట్టి రేటు ముందే ఖాయమై ఉంటుంది. ఉత్తరానికి వంద అమెరికన్ డాలర్ల దరిదాపుల్లో అవుతుంది. ఆ రేటు మామూలుగా బండికి, నలుగురి దాకా. మీరు ఆరుగురు, పైగా సూట్‌కేసులు. కాబట్టి వ్యాన్ అడగండి, అదనంగా ఎంతో ఎక్కకముందే మాట్లాడుకోండి. అసలు ట్యాక్సీ అయితే లేత నీలం నంబర్ ప్లేటు, దాని మీద టీఎక్స్ అని ఉంటుంది.

ఆ రేటు దగ్గర బేరం ఆడకండి. ఎయిర్‌పోర్టు ట్యాక్సీలు వరసలో నిలబడతాయి. తన వంతు వచ్చేసరికి ఆ డ్రైవరు ఎన్ని గంటలు కూర్చున్నాడో మనకి తెలీదు. చాలామందికి బండి సొంతం, దాని వాయిదా, పెట్రోలు, టైర్లు అన్నీ వాళ్ల నెత్తినే. అవన్నీ ఓడల మీద వచ్చే దీవి అది. డిసెంబరు మధ్య నుంచి ఏప్రిల్ దాకా సీజను. జూన్ నుంచి నవంబరు దాకా తుఫాన్ల కాలం. అప్పుడు వచ్చేవాళ్లు తగ్గిపోతారు కానీ బండి వాయిదా తగ్గదు కదా. మమ్మల్ని తీసుకెళ్లిన పెద్దాయన బార్ ద లీల్ అనే కొండ దారిలో బండి నెమ్మది చేసి, 2010లో టోమస్ తుఫానుకి కొండచరియలు పడి ఆ రోడ్డు ఎలా తెగిపోయిందో చూపించారు. ఆ ఘాట్ మలుపుల్లో మా అత్తయ్యగారికి కళ్లు తిరుగుతున్నాయని గమనించి, మేము అడగకముందే ఒక చెట్టు నీడన ఆపి, తన ఐస్ డబ్బాలోంచి నీళ్ల బాటిల్ తీసి ఇచ్చారు. దిగేటప్పుడు సామానంతా తనే లోపలికి చేర్చారు. ఆయనకి రేటు మీద పదిహేను డాలర్లు ఇచ్చాం. పది ఇచ్చినా తక్కువేం కాదు. ఏమీ ఇవ్వకపోయినా ఎవరూ మొహం చిట్లించరు. అక్కడి డ్రైవర్లు టిప్పు కోసం చెయ్యి చాచి నిలబడడం నేను చూడలేదు. అందుకే ఇవ్వాలనిపిస్తుంది.

చిన్న దూరాలకి, అంటే రోడ్నీ బే నుంచి గ్రోస్ ఐలె ఊళ్లో శుక్రవారం రాత్రి జరిగే వీధి పార్టీకి వెళ్లి రావడం లాంటివాటికి, పై చిల్లర ఉంచుకోమంటే సరిపోతుంది. రోజంతా బండి మాట్లాడుకుని సూఫ్రియేర్ ఊరు, గంధకపు బుగ్గలు, పిటాన్ కొండలు చూసి వస్తే మాత్రం వేరే లెక్క. ఆయన డ్రైవరు మాత్రమే కాదు, గైడు కూడా. దారిలో రోజో లోయ అరటి తోటల దగ్గర ఆపుతారు, వేడి కసావా (కర్రపెండలం) రొట్టె ఎక్కడ బాగుంటుందో చెప్తారు, మీరు తిరిగి వచ్చేదాకా ఎండలో కాచుకుని ఉంటారు. అలాంటి రోజుకి పది నుంచి పదిహేను శాతం ఇవ్వండి. మధ్యాహ్నం తిండికి ఆగినప్పుడు ఆయన్నీ పిలవండి. కొందరు వస్తారు, కొందరు వద్దంటారు. పిలవడం మన మర్యాద.

డబ్బు గురించి ఒక ముఖ్యమైన మాట. అక్కడి కరెన్సీ ఈస్ట్ కరీబియన్ డాలరు, అందరూ ఈసీ అంటారు. 1976 నుంచి ఒక అమెరికన్ డాలరుకి 2.70 ఈసీ, మారదు. అమెరికన్ నోట్లు దాదాపు అంతటా తీసుకుంటారు కానీ చిల్లర ఈసీలో ఇస్తారు. ఎవరైనా "ఫార్టీ" అంటే ఏ డాలర్లో వెంటనే అడగండి. నలభై ఈసీ అంటే పదిహేను అమెరికన్ డాలర్లే. ఇద్దరికీ రెండు లెక్కలు మనసులో ఉంటే దిగేటప్పుడు మాటా మాటా వస్తుంది, పెద్దవాళ్ల ముందు అదంతా ఎందుకు? టిప్పుగా అమెరికన్ నాణేలు మాత్రం ఇవ్వకండి. నాణేలు అక్కడి బ్యాంకులో మార్చుకోవడం కుదరదు, అవి వాళ్లకి ఎందుకూ పనికిరావు. చిరిగిన నోట్లూ వద్దు. బయల్దేరేముందు మీ బ్యాంకులో ఒకటి, ఐదు డాలర్ల కొత్త నోట్లు ఒక కట్ట తీసుకోండి.

రెస్టారెంటులో బిల్లు వచ్చాక కింద మొత్తం చూసి కార్డు తియ్యకండి, పైనుంచి చదవండి. మా బిల్లు ఒకటి గుర్తుంది. తిండికి 240 ఈసీ, దాని కింద సర్వీస్ ఛార్జి 24, ఆ తర్వాత పన్ను. ఇవన్నీ కలిపాక కార్డు స్లిప్పు మీద మళ్లీ టిప్పు అని ఒక ఖాళీ గీత. అమెరికా అలవాటులో ఆ గీత మీద ఇంకో ఇరవై శాతం రాసేస్తాం. అవసరం లేదు, గీత కొట్టేసి మొత్తం రాయండి. వడ్డించినవాళ్లు బాగా చూసుకున్నారనిపిస్తే పది, ఇరవై ఈసీ నోటు చేతికే ఇవ్వండి. సర్వీస్ ఛార్జి లేని చిన్న రెస్టారెంట్లలో పది శాతం చాలు. రోడ్డు పక్క కాల్చిన చేపలు, కొబ్బరి బొండాలు అమ్మేవాళ్ల దగ్గర చెప్పిన ధర ఇస్తే అదే గౌరవం.

హోటల్ బిల్లులో తల మీద రాత్రికి 3 లేదా 6 అమెరికన్ డాలర్లు టూరిజం లెవీ అని కనిపిస్తుంది. గది ధర 120 డాలర్లు దాటితే 6. అది ప్రభుత్వానికి వెళ్లే డబ్బు, సిబ్బందికి కాదు. దాన్ని చూసి టిప్పు కట్టేశాం అనుకునేవాళ్లున్నారు.

అన్నిటికంటే నాకు బాధ కలిగించేది గదులు శుభ్రం చేసేవాళ్ల విషయం. మనవాళ్లు వెయిటర్‌కి ఇస్తారు, బార్‌లో ఇస్తారు, డ్రైవరుకి ఇస్తారు. పిల్లలు ఇసక కాళ్లతో తిరిగిన నేల తుడిచి, తడి తువ్వాళ్లు ఎత్తి, తాతగారి మందుల డబ్బాలు ఎక్కడివక్కడే ఉంచి పక్కలు సర్దే మనిషిని మాత్రం మర్చిపోతారు. ఆవిడ మనకి కనపడదు, అంతే కారణం. రోజుకి మూడు నుంచి ఐదు డాలర్లు పెట్టండి. మీవి రెండు గదులైతే రెండిట్లోనూ. ఏ రోజుకి ఆ రోజే పెట్టాలి, చివరి రోజు మొత్తం ఒకేసారి కాదు. మనుషులు మారతారు, అన్ని రోజులూ చేసింది ఒకరు, డబ్బు దొరికేది ఇంకొకరికి అవుతుంది. ఒక కాగితం మీద "హౌస్‌కీపింగ్‌కి, థ్యాంక్యూ" అని రాసి దిండు మీద నోటుతో పాటు పెట్టండి. ఊరికే బల్ల మీద వదిలిన డబ్బుని వాళ్లు ముట్టుకోరు. అతిథి డబ్బు తీశారన్న మాట వస్తే ఉద్యోగం పోతుంది మరి.

మీది ఆల్ ఇన్‌క్లూజివ్, అంటే తిండీ తాగుడూ అన్నీ ధరలోనే కలిసి ఉండే హోటల్ అయితే ముందు హోటల్ పాలసీ చదవండి. శాండల్స్ రిసార్టుల లాంటి చోట్ల టిప్పులు ధరలోనే కలిపేస్తారు, బట్లర్లు, స్పా వాళ్లు తప్ప మిగతా సిబ్బంది తీసుకోకూడదు. అక్కడ బలవంతం చేస్తే వాళ్లకే ఇబ్బంది. దానికి బదులు పేరు గుర్తు పెట్టుకుని మేనేజరుకి ఫలానావారు బాగా చూసుకున్నారని రాసి ఇవ్వండి, అది వాళ్లకి నిజంగా పనికొస్తుంది.

మీ అమ్మానాన్నలు శాకాహారులైతే ఇంకో సంగతి. మావాళ్లకి గుడ్డు కూడా పడదు. మొదటి సాయంత్రం హోటల్ వంటింటి పెద్దని కలిసి చెప్పాం. మర్నాటి నుంచి ఆయన విడిగా గిన్నె పెట్టి పప్పు, బ్రెడ్‌ఫ్రూట్ (సీమ పనస) వేపుడు, అన్నం చేయించి పంపారు. పప్పు అక్కడివాళ్లకి కొత్త కాదు. 1859 నుంచి మన దేశపు కూలీలు చెరకు తోటలకి వెళ్లిన దీవి అది, రోటీ కూడా ఊరంతా దొరుకుతుంది. వంటవాళ్లకి టిప్పు వెళ్లే దారి మామూలుగా ఉండదు. అందుకని హోటల్ వాళ్లని అడిగి, సరేనన్నాక ఒక కవరులో నలభై డాలర్లు పెట్టి వంటింట్లో అందరికీ అని రాసి ఇచ్చాం.

పిటాన్ కొండల్లో ఒకటైన గ్రోస్ పిటాన్ ఎక్కాలంటే గైడు తప్పనిసరి, ఫీజులోనే వస్తాడు. పైకి కిందికి నాలుగైదు గంటల పని. మీలో ఎక్కిన ఒక్కో మనిషి తరఫున ఐదు నుంచి పది డాలర్లు ఇవ్వండి. క్యాటమరాన్ అనే జంట పడవల షికారులో టిప్పుల డబ్బా పెడతారు, టికెట్ ధరలో పది శాతం అందులో వేస్తే సిబ్బంది పంచుకుంటారు. సామాను మోసేవారికి పెట్టెకి ఒకటి, రెండు డాలర్లు. మినీ బస్సుల్లో టిప్పు లేదు, టికెట్ డబ్బులే. అడగకుండా వచ్చి దారి చూపిస్తానని వెంటపడేవాళ్లు సూఫ్రియేర్‌లో ఒకరిద్దరు తగలొచ్చు. నవ్వుతూ వద్దని చెప్పండి, పనికి ఒప్పుకోకుండా డబ్బు ఇవ్వక్కర్లేదు.

ఎంతిచ్చినా పలకరించకుండా ఇవ్వకండి. అక్కడ ట్యాక్సీ ఎక్కినా, కొట్టులోకి వెళ్లినా ముందు గుడ్ మార్నింగ్ అనాలి, ఆ తర్వాతే పని. నేరుగా "హౌ మచ్" అనడం వాళ్లకి పెడసరంగా తోస్తుంది. పిల్లలకి కూడా ఇది ముందే చెప్పి తీసుకెళ్లండి.

చివరి రోజు ఈసీ నోట్లు మిగిలితే ఇంటికి తెచ్చుకోకండి, డాలస్‌లో మార్చుకోవడం కష్టం. ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్లే డ్రైవరుకి టిప్పు ఆ నోట్లతోనే ఇచ్చేయండి.