అన్‌సీజన్‌లో స్పెయిన్: తగ్గేది గది అద్దె ఒక్కటే

ప్రశ్న: మాది హైదరాబాద్. మావారు, నేను ఇద్దరం ఉద్యోగస్తులం. పాపకు 9 ఏళ్లు. ఇద్దరి జీతాలూ కలిపి నెలకు రూ.1,65,000 చేతికొస్తాయి. ఇంటి రుణం ఈఎంఐ 48,000, ఇంటి ఖర్చు 62,000, పాప చదువు కోసం సిప్‌లు 25,000 పోగా 30,000 మిగులుతుంది. సేవింగ్స్ ఖాతాలో 2.2 లక్షలు, ఎఫ్‌డీలో 4 లక్షలు ఉన్నాయి. డిసెంబరులో పాప ఫీజు 45,000 కట్టాలి. అక్టోబరులో మావారికి లక్షన్నర బోనస్ రావచ్చు. రద్దీ ఉండదని ఫిబ్రవరిలో దక్షిణ స్పెయిన్ వెళ్దామనుకుంటున్నాం. సముద్రతీరంలోని మలగాలో 10 రాత్రులు ఉండి, గ్రనాడా, కోర్డోబా, రోండా అక్కడి నుంచే చూసి రావాలని, వీలైతే ఒకరోజు మొరాకో కూడా వెళ్లి రావాలని ఉంది. ట్రావెల్ ఏజెంటు ముగ్గురికీ 6.4 లక్షలు అవుతుందన్నారు. బ్యాంకు 14 శాతం వడ్డీకి 4 లక్షల వ్యక్తిగత రుణం ఇస్తానంటోంది. రుణం తీసుకోవాలా, ఎఫ్‌డీ రద్దు చేసుకోవాలా, ఆరు నెలలు సిప్‌లు ఆపాలా?

జవాబు: మూడూ వద్దు. బోనస్ వస్తే ఈ ఫిబ్రవరిలోనే వెళ్లిరండి. రాకపోతే వచ్చే ఏడాది నవంబరుకు మార్చుకోండి.

ముందు రుణం సంగతి. 4 లక్షలు 14 శాతానికి 24 నెలలకు తీసుకుంటే నెలకు దాదాపు 19,200 కట్టాలి. మొత్తం వడ్డీ 60,900 దాకా అవుతుంది. 2 శాతం ప్రాసెసింగ్ ఫీజు, దానిమీద జీఎస్టీ కలిపి మరో 9,440. అంటే రూ.70,000 పైమాటే. ఇప్పుడు అన్‌సీజన్ వల్ల మీకు మిగిలేదెంతో చూడండి. ఫిబ్రవరిలో రాత్రికి 75 యూరోలకు దొరికే ఒక బెడ్‌రూమ్ అపార్ట్‌మెంటు ఆగస్టులో 140 అవుతుందనుకుందాం. రాత్రికి 65 యూరోల చొప్పున 10 రాత్రులకు 650 యూరోలు, అంటే సుమారు 68,000 రూపాయలు. చలికాలంలో వెళ్లి ఆదా చేసిందంతా బ్యాంకుకు వడ్డీగా కట్టినట్టే.

అన్‌సీజన్ అనగానే మొత్తం ప్రయాణం చవక అనుకుంటాం. నిజానికి బాగా తగ్గేది గది అద్దె ఒక్కటే. వీసా రుసుం తగ్గదు, యూరో రేటు తగ్గదు, గ్రనాడాలోని అల్‌హాంబ్రా కోట టికెట్ తగ్గదు. విమాన ఛార్జీ మన దగ్గరి రద్దీని బట్టి కూడా ఉంటుంది. సంక్రాంతి సెలవులే చూడండి. స్పెయిన్‌లో జనవరి 6న ముగ్గురు రాజుల పండుగతో క్రిస్మస్ సందడి ముగిసి గదుల ధరలు పడిపోతాయి. అదే సమయంలో సెలవులకు ఇండియా వచ్చినవాళ్లు తిరుగు ప్రయాణాల్లో ఉంటారు కాబట్టి మన దగ్గర పడమటి వైపు విమానాలు నిండుగా వెళ్తాయి. రెండు వైపులా ఖాళీగా ఉండేది ఫిబ్రవరి మొదటి రెండు వారాలే. నెలాఖరుకు జరపకండి. ఫిబ్రవరి 28 ఆందలూసియా (మీరు వెళ్లే దక్షిణ స్పెయిన్ ప్రాంతం) దినోత్సవం, మలగా జిల్లా బడులకు ఆ వారం సెలవులు. కోర్డోబా, గ్రనాడా గదులను స్పెయిన్ వాళ్లే నింపేస్తారు. మధ్యలో కాదిజ్ కార్నివాల్ వస్తే ఆ ఊరికి దూరంగా ఉండండి. పాపకు బడి పోతుంది కాబట్టి సెలవు మంజూరు చేసినట్టు స్కూలు నుంచి ఉత్తరం తీసుకోండి, వీసా ఫైల్లోనూ పెట్టాలి.

యూరోను 105 రూపాయలుగా వేసి మీ బడ్జెట్ కట్టాను. విమానాలు ముగ్గురికీ 2,10,000. షెంజెన్ వీసా (స్పెయిన్‌తో సహా చాలా యూరప్ దేశాలకు కలిపి ఒకటే వీసా) పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్ల లోపు పిల్లలకు 45. ఈ 225 యూరోలకు వీసా దరఖాస్తు కేంద్రం సేవా రుసుం, ఫొటోలు కలిపి 30,000 పక్కన పెట్టండి. కనీసం 30,000 యూరోల వైద్య కవరేజీ ఉన్న ప్రయాణ బీమాకు 6,000. అద్దె, క్లీనింగ్ ఫీజు కలిపి 800 యూరోలు, అంటే 84,000. తిండికి రోజుకు 55 యూరోల చొప్పున 11 రోజులకు 63,500. రైళ్లు, బస్సులు 24,000, ప్రవేశ టికెట్లు 12,600. ఫోన్, ఉన్ని బట్టలు, శంషాబాద్ రాకపోకలు 20,000. మొత్తం 4.5 లక్షలు. పదిశాతం చేతి ఖర్చు కలిపితే 4.95 లక్షలు.

చాలామంది డబ్బు చాలకపోతే రోజులు తగ్గిస్తారు. మీరు 10 రాత్రులను 7 చేస్తే మిగిలేది 390 యూరోలు, దాదాపు 41,000. విమానం, వీసా, బీమా కలిపి ఉన్న రెండున్నర లక్షల్లో ఒక్క రూపాయీ తగ్గదు. కాబట్టి రోజులు కోయడం కంటే తేదీ మార్చుకోవడమే మేలు.

మీ డబ్బు లెక్క ఇది. సేవింగ్స్‌లోని 2.2 లక్షల్లో ఫీజు 45,000 తీసేస్తే 1.75 లక్షలు. ఆగస్టు నుంచి జనవరి దాకా నెలకు 30,000 మిగిలితే 1.8 లక్షలు. కలిపితే 3.55 లక్షలు. బోనస్ వస్తే 5.05 లక్షలు, సరిగ్గా సరిపోతుంది. అక్టోబరు 31 దాకా విమానం టికెట్ కొనకండి, రద్దు చేసుకోగల గది మాత్రం పట్టి పెట్టుకోండి. బోనస్ రాకపోతే 1.4 లక్షల లోటు. అది వచ్చే జూన్ చివరికల్లా మీ మిగులుతోనే పూడుతుంది. అప్పుడు నవంబరు రెండో సగంలో వెళ్లండి. వానలు కాస్త ఎక్కువ, కానీ డిసెంబరు 6, 8 సెలవులకు ముందు గదులు చవకే.

సిప్‌లు ఆరు నెలలు ఆపితే సరిగ్గా లక్షన్నర వస్తుంది, అందుకే ఆ ఆలోచన వచ్చి ఉంటుంది. కానీ అది పాప చదువు డబ్బు. బోనస్ రాని ఏడాదే సిప్ కూడా ఆగితే మళ్లీ మొదలుపెట్టడం కష్టం.

ఎఫ్‌డీ విషయంలో ఇంకొంచెం గట్టిగా చెబుతాను. ఈఎంఐ, ఇంటి ఖర్చు కలిపి మీకు నెలకు 1.1 లక్షలు తప్పనిసరి. 4 లక్షలంటే మూడున్నర నెలల భద్రత, అదే తక్కువ. పైగా ఆ ఎఫ్‌డీ వీసాకు పనికొస్తుంది. పర్యటకుల దగ్గర మనిషికి రోజుకు తమ నెల కనీస వేతనంలో 10 శాతం ఉండాలని స్పెయిన్ కొలత పెట్టుకుంది. 2025 లెక్కన అది 118.40 యూరోలు. మీ ముగ్గురికి 11 రోజులకు 3,907 యూరోలు, అంటే 4.1 లక్షలు. నవంబరు మొదట్లో బోనస్ కలిసి మీ ఖాతాలో 4.6 లక్షలుంటాయి. విమానం టికెట్లు కొనగానే 2.5 లక్షలకు దిగుతుంది. వీసా అధికారి చూసే స్టేట్‌మెంటులో కనిపించేది ఆ అంకె. దానికి తోడు 4 లక్షల ఎఫ్‌డీ రసీదు, జీతం స్లిప్పులు పెడితే ఫైలు బలంగా ఉంటుంది. ఎఫ్‌డీ రద్దు చేసి ఖాతాలో వేసినా, బంధువుల దగ్గర తెచ్చి వేసినా, ఉన్నట్టుండి వచ్చి పడిన డబ్బుకు సంజాయిషీ అడుగుతారు. బోనస్‌కైతే ఆ నెల జీతం స్లిప్పు చాలు. ఇదే కారణంతో యాత్ర డబ్బును లిక్విడ్ ఫండ్‌లోకి (త్వరగా వెనక్కి తీసుకోగల మ్యూచువల్ ఫండ్) మార్చకుండా సేవింగ్స్‌లోనే పెరగనివ్వండి.

వీసాకు ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు. మామూలుగా 15 రోజుల్లో తేలుతుంది, 45 రోజుల దాకా పట్టొచ్చు. నవంబరు మధ్యలో ఇచ్చేయండి. తిరస్కరిస్తే రుసుం తిరిగి రాదు. కాబట్టి టికెట్ కొనేటప్పుడు రద్దు ఛార్జీ ఎంతో చూసి, మనిషికి నాలుగైదు వేలు ఎక్కువైనా రద్దు సులువుగా ఉన్న ఫేర్ తీసుకోండి. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా అయితే షెంజెన్ వీసా సరిపోతుంది. లండన్ మీదుగా చవక కనిపించినా అక్కడ విమానం మారడానికే మన పాస్‌పోర్టుకు బ్రిటన్ ట్రాన్సిట్ వీసా విడిగా కావాలి. ముగ్గురికి ఆ ఖర్చు కలిపితే చవక మిగలదు.

ఏజెంటు చెప్పిన 6.4 లక్షల్లో పన్నులున్నాయో లేదో కాగితం మీద అడగండి. విదేశీ ప్యాకేజీకి మొదటి రూపాయి నుంచే టీసీఎస్ (అమ్మేవాళ్లే ముందుగా పట్టుకునే ఆదాయపు పన్ను) వసూలు చేస్తారు. 2025-26లో 10 లక్షల లోపు 5 శాతం ఉండేది, ఆ లెక్కన 32,000. రిటర్నులో సర్దుబాటు అవుతుంది గానీ అప్పటిదాకా చేతిలోంచి పోయినట్టే. విమానం, గది విడివిడిగా మీరే కొంటే అది ప్యాకేజీ కాదు. విదేశీ కరెన్సీ ముందే నింపుకునే ఫారెక్స్ కార్డులో వేసే డబ్బుకు ఏడాదికి 10 లక్షలు దాటితేనే టీసీఎస్.

ఇక మలగా. మీ ఎంపిక సరైనదే. టొర్రెమోలినోస్, ఫ్యుఎన్‌హిరోలా వైపు బీచ్ గదులు ఇంకా చవకగా కనిపిస్తాయి, లోకల్ రైలూ ఉంది. కానీ చలికాలంలో అక్కడ కొన్ని హోటళ్లు, బీచ్ ఒడ్డు తిండి కొట్లు మూసేస్తారు. పైగా గ్రనాడా వెళ్లాలంటే ముందు రైలెక్కి మలగా రావాలి. మలగాలో మరియా సంబ్రానో రైల్వే స్టేషన్, బస్‌స్టాండ్ పక్కపక్కనే ఉంటాయి. ఆ చుట్టుపక్కల నడక దూరంలో గది తీసుకుంటే పొద్దున్నే బస్సు ఎక్కడానికి టాక్సీ అక్కర్లేదు.

గది ఎంచుకునేటప్పుడు ఫొటోల్లో బాల్కనీ కాదు, గోడ మీద ఏసీ (చలిలో గదిని వేడి చేసేదీ అదే) ఎక్కడుందో చూడండి. ఫిబ్రవరిలో పగలు 17, 18 డిగ్రీలున్నా రాత్రి 8కి దిగుతుంది. ఆ ఇళ్లు ఎండాకాలానికి కట్టినవి. నేలంతా టైల్స్, హాల్లో ఒకే ఏసీ, పడకగదిలో ఏమీ ఉండదు. పొద్దున మంచం దిగితే కాళ్లు జివ్వుమంటాయి. వివరాల్లో ‘కలెఫక్సియోన్’ (గదిని వేడి చేసే ఏర్పాటు) అనే మాట ఉందా, పడకగదిలో కూడా ఉందా అని యజమానిని అడగండి. కరెంటు బిల్లు విడిగా వసూలు చేస్తారేమో కూడా తేల్చుకోండి. వంటిల్లు ఉన్నది తీసుకుంటే రాత్రి భోజనం ఇంట్లోనే. మధ్యాహ్నం పని దినాల్లో ‘మెనూ దెల్ దియా’ అని మనిషికి 12-16 యూరోలకు నిండు భోజనం దొరుకుతుంది. శాకాహారులైతే ‘సిన్ హమోన్’ అని చెప్పండి, లేకపోతే చల్లని టమాటా సూప్ మీదా పంది మాంసం ముక్కలు చల్లి తెస్తారు.

అల్‌హాంబ్రా టికెట్ మాత్రం వీసా రాగానే కొనేయండి. సుమారు 20 యూరోలు, 12 ఏళ్ల లోపు పిల్లలకు ఉచితం. అయినా పాప పేరుతోనూ టికెట్ తీసుకోవాలి. ఆ కోటలోని నస్రిద్ ప్యాలెస్‌లకు టికెట్ మీద గంట రాసి ఉంటుంది, అది దాటితే లోపలికి పంపరు, డబ్బూ రాదు. మలగా నుంచి బస్సు గంటన్నర పైనే కాబట్టి మధ్యాహ్నం 12 గంటల స్లాట్ తీసుకోండి. చలికాలంలో సాయంత్రం 6కే మూసేస్తారు. పాస్‌పోర్టులు వెంట ఉండాలి. కోర్డోబాలో ఒకప్పటి మసీదు, ఇప్పటి చర్చి అయిన మెస్కీతాలో సోమవారం నుంచి శనివారం దాకా పొద్దున 8.30-9.30 మధ్య ప్రవేశం ఉచితం. తొలి రైలు ఖరీదైతే ఆ ఉచితం కోసం పరుగెత్తకండి.

మొరాకో ఈసారికి వదిలేయండి. తరీఫా నుంచి టాంజియర్‌కు ఓడ ఉంది కానీ మీకు వచ్చేది సింగిల్ ఎంట్రీ వీసా అయితే షెంజెన్ దాటాక అదే వీసాతో తిరిగి స్పెయిన్‌లోకి రాలేరు. మొరాకో వీసా కూడా విడిగా కావాలి.

స్పెయిన్‌లో పెట్టాల్సింది అద్దెతో కలిపి దాదాపు 1,750 యూరోలు. 300 నోట్లుగా, మిగతాది ఫారెక్స్ కార్డులో నవంబరు, డిసెంబరు, జనవరిల్లో మూడు విడతలుగా వేసుకోండి. క్రెడిట్ కార్డు డిపాజిట్లకు, అత్యవసరానికి మాత్రమే. 3.5 శాతం మార్కప్ (విదేశీ చెల్లింపు మీద బ్యాంకు రుసుం), దానిమీద జీఎస్టీ కలిపితే 4.13 శాతం, వెయ్యి యూరోలకు 4,300 రూపాయలు పోతాయి. కారు అద్దెకు తీసుకోకండి. రోజు అద్దె తక్కువే, కానీ డిపాజిట్‌గా కార్డు లిమిట్‌లో పెద్ద మొత్తం బ్లాక్ చేస్తారు, కౌంటర్ దగ్గర బీమా అమ్ముతారు. బిల్లు కట్టేటప్పుడు వెయిటర్ ఇచ్చే మెషీన్ తెర మీద రెండు బటన్లు కనిపిస్తాయి, ఒకదానిపై రూపాయల్లో మొత్తం, ఒకదానిపై యూరోల్లో. ప్రతిసారీ యూరోనే నొక్కండి. రూపాయి నొక్కితే వాళ్లు వేసుకున్న రేటు మీ మీద పడుతుంది. ఏటీఎంలోనూ ఇంతే. తిరిగొచ్చాక కార్డులో మిగిలిన యూరోలను 180 రోజుల్లోగా బ్యాంకుకు తిరిగి అమ్మేయండి. 2,000 డాలర్ల విలువ దాకా ఉంచుకునే వీలుంది గానీ, మీకు ఆ డబ్బు ఎఫ్‌డీలో కలిస్తేనే అవసరం.