చెరువు నీళ్లల్ల పురుగుమందు కలిసిందో లేదో ఎట్ల తెలుస్తది?

అన్నా, చెరువు నీళ్లే తాగుతున్నం, చుట్టూ పత్తి చేన్లే, పంచాయతీల ఉండే నీళ్ల పరీక్ష కిట్‌తోని చూస్తే మందు తెలుస్తదా అని అడిగినవు కదా, ఆ కిట్‌తోని మందు బయటపడదు. ఆ కిట్ల పీహెచ్, ఫ్లోరైడ్, నైట్రేట్, క్లోరిన్ అసోంటివి చూస్తరు. పురుగుమందుకైతే గ్యాస్ క్రొమటోగ్రాఫ్ లాంటి పెద్ద మిషన్లున్న ల్యాబ్‌కు పంపాల్సిందే.

మాది మహబూబ్‌నగర్ దిక్కు, మాకూ చెరువు నీళ్లే, ఎగువన మొత్తం మక్క, పత్తి. వార్డు మెంబర్‌గున్నప్పుడు మే నెల ఎండలల్ల ఒక ప్లాస్టిక్ బాటిల్ నింపి పంపిన. డీడీటీ, లిండేన్, ఎండోసల్ఫాన్ అన్నిటి కాడ బీడీఎల్ అని వచ్చింది, అంటే మిషన్ పట్టేంత లేదని, మస్తు సంబురపడ్డం. మా బావ ఆ కాగితం చూసి, మనోళ్లు మక్కకు కొట్టేది అట్రాజిన్ అనే గడ్డిమందు కదా, ఆ పేరేది ఇందుల అన్నడు. నిజంగనే లేదు. ఎండోసల్ఫాన్‌ను సుప్రీంకోర్టు 2011లనే ఆపించింది, ఎవ్వరు కొట్టని మందును వెతికించి లేదనిపించుకున్నం. ఊర్ల చిన్నపిల్లలు తాగే నీళ్లు కదా, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలే.

మళ్ల ఏడాది ముందుగాల ఎరువుల దుకాణానికి పోయిన, ఆ సీజన్ల ఏ మందులు ఎక్కువ అమ్ముడుపోయినయో డబ్బా మీది అసలు మందు పేరుతో సహా రాసుకొని ఆ లిస్టే ల్యాబోళ్లకిచ్చిన. అట్రాజిన్ మక్క ఇత్తనం పెట్టిన రెండు మూడు రోజులల్లనే నేల మీద కొడ్తరు, వెనుకనే పెద్ద వాన పడితే వరదతోని చెరువుల కలుస్తది, మరి మేల తీస్తే ఏం దొరుకుతది? అందుకే జులైల గట్టి వాన పడ్డ తెల్లారి ఒకటి, వారం తర్వాత ఒకటి, నెల తర్వాత ఒకటి తీసినం. మొదటి దాంట్ల అట్రాజిన్ దొరికింది, లిమిట్ లోపలే గని దొరికింది, నెలకు తగ్గింది.

తాగే నీళ్లకు మన దేశంల పెట్టిన ప్రమాణం ఐఎస్ 10500ల అట్రాజిన్ లిమిట్ లీటరుకు 2 మైక్రోగ్రాములు, అంటే 5 లక్షల లీటర్లల్ల ఒక్క గ్రాము, మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందుకైతే 1 మైక్రోగ్రామే. అందుకే మీ మిషన్ ఎంత తక్కువ దాక పడ్తది అని ల్యాబోళ్లను ముందే అడుగు, వాళ్లది లిమిట్ కంటే ఎక్కువుంటే బీడీఎల్ వచ్చినా లాభం లేదు.

బాటిల్ ల్యాబోళ్లిచ్చిన గోధుమరంగు గాజుదే కావాలె, ప్లాస్టిక్‌కు కొన్ని మందులు అంటుకుంటయి. నిండా నింపి ఐస్ డబ్బాల పెట్టి ఎండ తగలకుండ తీస్కపో. నల్లా నీళ్లల్ల క్లోరిన్ ఉంటది, అది మందును విరగ్గొట్టకుండ బాటిల్ల ఏం వెయ్యాల్నో వాళ్లే చెప్తరు. చెరువు కాడ ఒకటి, నల్లా కాడ ఒకటి తీయి, ఫిల్టర్ ఏమన్న ఆపుతుందో లేదో తెలుస్తది. ఇసుక ఫిల్టర్‌తోని కరిగిన అట్రాజిన్ పోదు, కాచినా పోదు, యాక్టివేటెడ్ కార్బన్, అంటే మందును పట్టుకునే బొగ్గు ఫిల్టర్ కావాలె, అది కూడ టైముకు మార్చాలె.

బాటిల్ మీద తీసిన తారీఖుతో పాటు ఆఖరి వాన ఎప్పుడు పడ్డదో అది కూడ రాయి అన్నా.