కార్డు మీద 699, బిల్లులో 899: ఇప్పుడు కేసు వేయొచ్చా?

ప్రశ్న: మాది కావలి. మావారి జీతం తగ్గాక నెల సరుకులు ఒంగోలులోని ఒక డిస్కౌంట్ సూపర్‌మార్కెట్‌లో తెచ్చుకుంటున్నాం. అక్కడ అయిదు లీటర్ల నూనె డబ్బా దగ్గర ‘ఆఫర్ ధర 699’ అని కార్డు పెట్టారు. మా అమ్మాయి ఫొటో కూడా తీసింది. రెండు డబ్బాలు కొని ఇంటికొచ్చి చూస్తే ఒక్కోటి 899 వేశారు. మేనేజర్ ‘400 కోసం ఇంత గొడవా’ అని హేళన చేశాడు. తర్వాత ‘సర్దుతాం’ అంటూ 22 నెలలుగా తిప్పుతున్నారు. బిల్లు అక్షరాలు చెరిగిపోయాయి. ‘లక్ష ఇవ్వకపోతే వీడియో పెడతామందాం’ అంటున్నాడు మా మరిది. ఏం చేయమంటారు?

జవాబు: మేనేజర్ హేళన సంగతి వదిలేయండి, దాని మీద కేసు నిలవదు. 899 అనేది ఎంఆర్‌పీ దాటకపోతే, ఎంఆర్‌పీ కన్నా ఎక్కువకు అమ్మారన్న వాదనా కుదరదు. 699 అని రాసిపెట్టి 899 గుంజడమే ఇక్కడ తప్పు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అది అనుచిత వ్యాపార పద్ధతి. అంటే మీ కేసుకు ప్రాణం ఆ కార్డే. బిల్లు ఎంత బాగున్నా 899 తీసుకున్నారనే చెబుతుంది, 699 అన్నారని చెప్పదు.

అందుకని ఆ ఫొటో తీసిన ఫోన్‌ని ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయకండి. వాట్సాప్‌లో పంపిన కాపీలో ఎప్పుడు తీశారన్న వివరాలు పోతాయి. కార్డు అడుగున చిన్న అక్షరాల్లో ఆఫర్ గడువు ఉందేమో పెద్దది చేసి చూడండి. మీరు కొన్నది గడువు దాటాకైతే కేసు బలహీనపడుతుంది.

ఇక బిల్లు. నూనె డబ్బాకు 200 మిగులుతుందని కావలి నుంచి ఒంగోలు వెళ్లారు, కౌంటర్ దగ్గర రెండు నిమిషాలు నిలబడి బిల్లు చదువుకోలేదు! బిల్లు వేసే థర్మల్ కాగితం మీద అక్షరాలు బీరువాలో పెట్టినా నిలవవు, ఆ రోజే ఫొటో తీసుకోవాలి. యూపీఐలో మొత్తం సొమ్మే కనిపిస్తుంది, నూనె ధర విడిగా ఉండదు. కౌంటర్లో ఫోన్ నంబరు చెప్పి ఉంటే, దాని మీద డూప్లికేట్ బిల్లు ఇవ్వమని స్పీడ్ పోస్టులో అడగండి. ఇవ్వకపోతే, కేసు వేశాక వినియోగదారుల కమిషన్ ద్వారా తెప్పించమని కోరవచ్చు.

కేసు వేయడానికి గడువు రెండేళ్లు. మీకు మిగిలింది రెండు నెలలే. మేనేజర్ మాటలు గానీ, మీరు పంపే నోటీసు గానీ ఆ గడువును ఆపవు. దాటితే ఆలస్యానికి తగిన కారణం చూపాలి. ‘సర్దుతామన్నారు’ అన్నది చాలా బలహీనమైన కారణం.

మీ మరిది సలహా మాత్రం ఈ రోజే మర్చిపోండి. డబ్బిస్తే సరే, లేకపోతే పరువు తీస్తామనడం భారతీయ న్యాయ సంహిత 308 సెక్షన్ కింద బెదిరించి వసూలు చేయడమవుతుంది. ఆ ఫోన్ కాల్‌ను వాళ్లు రికార్డు చేస్తే చాలు, ఫిర్యాదుదారు సూపర్‌మార్కెట్, ముద్దాయి మీ మరిది.

ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పండి, కొన్ని వ్యవహారాలు అక్కడే తేలిపోతాయి. కానీ దాని కోసం కూర్చోకుండా ఫిర్యాదు సిద్ధం చేసుకోండి. కొన్నది ఒంగోలులో అయినా, మీరుండేది కావలి కాబట్టి నెల్లూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు. వినియోగదారుల కేసుల ఆన్‌లైన్ పోర్టల్ ఈ-జాగృతి ద్వారా ఇంటి నుంచే పంపొచ్చు. కొన్న విలువ 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, లాయరూ తప్పనిసరి కాదు. 400 తిరిగివ్వాలని, కొంత పరిహారం, ఖర్చులు ఇప్పించాలని రాయండి. లక్షలు రాయకండి, మీ 400 మీద కూడా అనుమానం వస్తుంది.