పేరున్న కాలేజీ కోసం రెండేళ్ల ఆదాయమంత అప్పు చేయొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయికి రెండు కాలేజీల్లో సీటు వచ్చింది. రెండూ నాలుగేళ్ల కోర్సులే. మొదటిది బాగా పేరున్న కాలేజీ. దానికి మా పొదుపంతా పెట్టినా ఇంకా మా రెండేళ్ల ఆదాయమంత విద్యా రుణం తీసుకోవాలి. రెండోదానికి అంత పేరు లేదు, కానీ మంచిదే అంటున్నారు. ఫీజులో సగం స్కాలర్‌షిప్ ఇస్తామన్నారు, మా పొదుపుతోనే దాదాపు గట్టెక్కుతాం. మొదటి కాలేజీలో చదివినవాళ్ల సగటు జీతం మా ఇద్దరి ఏడాది ఆదాయమంత ఉంటుందని బ్రోషర్‌లో వేశారు. మేమిద్దరం డిగ్రీ చదివి ఉద్యోగాలు చేస్తున్నవాళ్లమే. పిల్ల చదువు దగ్గర డబ్బు లెక్క చూడటం తప్పేమో అనిపిస్తోంది. ఏం చేయమంటారు?

జవాబు: తప్పేమీ లేదండీ. రేపు ఈ అప్పు కట్టాల్సింది మీ అమ్మాయి. ఆమె తరఫున ఇప్పుడు లెక్క చూడాల్సింది మీరే. మీరు రాసినదాన్ని బట్టి నేను రెండో కాలేజీ వైపే మొగ్గుతాను. ముందు అప్పు సంగతి చూడండి.

మీ ఏడాది ఆదాయం 100 అనుకుందాం. అంటే అప్పు 200. ఏటా 50 చొప్పున నాలుగేళ్లు తీసుకుంటారు. వడ్డీ 10 శాతం వేశాను, మీకు బ్యాంకు చెప్పే రేటు వేరైతే అది వేసుకోండి. చదువుతున్నంత కాలం, ఆ తర్వాత ఉద్యోగం వెతుక్కునే ఇంకో ఏడాది ఏమీ కట్టకుండా వదిలేస్తే, ఏడాదికోసారి వడ్డీని అసలుకు కలుపుతారనుకుంటే, కిస్తీలు మొదలయ్యే నాటికి ఆ 200 కాస్తా 281 అవుతుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకు 3.71 కట్టాలి. బ్రోషర్‌లో చెప్పిన జీతమే వచ్చిందనుకున్నా నెలకు ఆమె చేతికందేది 8.33. జీతంలో దాదాపు 45 శాతం కిస్తీకే పోతుంది, అదీ పన్ను కోతలు లెక్కలోకి తీసుకోకముందు. మిగిలిన దాంట్లోనే అద్దె, తిండి, రాకపోకలు. ఉద్యోగం నచ్చకపోయినా మానలేదు, పై చదువుకు వెళ్లలేదు, తక్కువ జీతంతో మొదలయ్యే మంచి అవకాశం వచ్చినా వదులుకోవాలి. నన్ను ఎక్కువగా భయపెట్టేది ఇదే.

గడువు 15 ఏళ్లకు పెంచితే కిస్తీ 3.02కు తగ్గుతుంది. కానీ మొత్తం కట్టేది 445 నుంచి 543కు పెరుగుతుంది. అదే చదువుకునే రోజుల్లోనూ, ఆ తర్వాతి ఏడాదీ వడ్డీ వరకు కట్టుకుంటూ వస్తే మొత్తం 387తో సరిపోతుంది. ఏ కాలేజీకైనా, ఎంత చిన్న అప్పయినా సరే, ఈ వడ్డీ మాత్రం ఎప్పటికప్పుడు కట్టేయండి.

నేను అందరికీ చెప్పే హద్దు ఒకటుంది. కిస్తీలు మొదలయ్యే నాటికి ఉన్న అప్పు, మొదటి ఏడాది జీతాన్ని మించకూడదు. పైన చెప్పిన వడ్డీకి, పదేళ్ల గడువుకు అప్పుడు కిస్తీ జీతంలో 16 శాతం దగ్గర ఉంటుంది. అది మోయగలిగిన బరువే. మీది దానికి దాదాపు మూడు రెట్లు.

ఇక ఆ సగటు జీతం మాట. పదిమందిలో తొమ్మిది మందికి 4 చొప్పున, ఒక్కరికి 44 వచ్చిందనుకోండి. సగటు 8 అని నిజాయితీగానే అచ్చు వేయొచ్చు. కానీ ఆ 8 అందులో ఎవరికీ రాలేదు. కాబట్టి కాలేజీ వాళ్లను సగటు అడక్కండి. జీతాలన్నీ వరుసలో పెడితే సరిగ్గా మధ్యలో ఉన్నవాళ్లకు ఎంత వచ్చిందని అడగండి. అదీ మీ అమ్మాయి చేరే బ్రాంచిలో. మొత్తం ఎంతమంది చేరారు, ఎంతమంది సకాలంలో పూర్తిచేశారు, అందులో ఎంతమందికి ఉద్యోగం వచ్చిందనేది కూడా అడగండి. అదనంగా ఒక ఏడాది పడితే ఆ ఏడాది ఫీజుతో పాటు ఒక ఏడాది జీతం కూడా పోయినట్టే. మధ్యలో మానేస్తే డిగ్రీ ఉండదు, అప్పు మాత్రం ఉంటుంది.

మరి పేరుకు విలువే లేదా అంటారేమో. ఈ ప్రశ్న మీద ఆర్థికవేత్తలు స్టేసీ డేల్, అలన్ క్రూగర్ 2002లో ఒక అధ్యయనం ప్రచురించారు. 1976లో అమెరికా కాలేజీల్లో చేరిన విద్యార్థుల తర్వాతి సంపాదనను వాళ్లు పోల్చి చూశారు. ఒకే రకం కాలేజీల్లో సీటు తెచ్చుకోగలిగినవాళ్లలో కొందరు గట్టి పోటీ ఉండే కాలేజీల్లో చేరారు, కొందరు అంత పోటీ లేనివి ఎంచుకున్నారు. తర్వాత సంపాదనలో వాళ్ల మధ్య పెద్దగా తేడా కనిపించలేదు. సీటు తెచ్చిన తెలివి, పట్టుదల ఎక్కడ చేరినా పిల్లలతోనే వెళ్తాయి కదా. అయితే తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాల పిల్లలకు మాత్రం పోటీ ఎక్కువున్న కాలేజీ వల్ల మేలు జరిగింది. ఇంట్లో లేని పరిచయాలు, దారి చూపే మనుషులు అలాంటి పిల్లలకు కాలేజీలోనే దొరకడం దానికి కారణం కావచ్చు. చదువుకుని ఉద్యోగాలు చేస్తున్న మీలాంటివాళ్ల ఇంట్లో ఆ లోటు తక్కువ. మీ పరిస్థితి వేరైతే నా సలహా కూడా మారేదేమో.

ఇంకో సందర్భంలోనూ మారుతుంది. ఆమె వెళ్లాలనుకునే రంగంలో కంపెనీలు కొన్ని కాలేజీల గడపే తొక్కుతాయని తేలితే, ఆ తేడాకు డబ్బు కట్టడంలో అర్థం ఉంది. అందుకే మొదటి కాలేజీకి ఇంకా వద్దని చెప్పకండి. రెండో కాలేజీ ఇచ్చిన స్కాలర్‌షిప్ పత్రం జతచేసి, ఫీజు తగ్గించే వీలుందా అని రాతపూర్వకంగా అడగండి. అడిగినందుకు సీటు తీసేయరు. ఏ కాలేజీకి అడ్వాన్సు కట్టేముందైనా, మానుకుంటే ఎంత వెనక్కి ఇస్తారో, ఏ తేదీలోపు ఇస్తారో కాగితం మీద చూసుకోండి. స్కాలర్‌షిప్ రెండో ఏడాది నిలబడాలంటే ఎన్ని మార్కులు రావాలన్నది కూడా.

రెండు కాలేజీలకూ వేడుకలేవీ లేని మామూలు పనిరోజున వెళ్లండి. ల్యాబ్‌లో ఒక్కో పరికరం దగ్గర ఎంతమంది ఉన్నారు? ఒక్కడు పనిచేస్తుంటే మిగతావాళ్లు చుట్టూ నిలబడి రీడింగులు రాసుకుంటున్నారా? క్లాసు అయ్యాక లెక్చరర్ దగ్గర ఎవరైనా ఆగుతున్నారా? ఆఖరి ఏడాది పిల్లలను, "మీ ప్రాజెక్టు ఎవరు చూస్తున్నారు, చివరిసారి ఎప్పుడు కలిశారు?" అని అడగండి. చటుక్కున పేరు, రోజు చెబితే మంచి గుర్తు.

ఇది ఊరికే చెప్పడం లేదు. 2014లో సర్వేలు చేసే గ్యాలప్ సంస్థ, పర్‌డ్యూ యూనివర్సిటీ కలిసి అమెరికాలో 30 వేల మందికి పైగా పట్టభద్రులను సర్వే చేశాయి. ఉద్యోగంలో మనసు పెట్టి పనిచేయడానికి, చదివింది ఎలాంటి కాలేజీ అన్నదానికి పెద్ద సంబంధం కనిపించలేదు. తమను పట్టించుకున్న అధ్యాపకుడు, ప్రోత్సహించిన ఒక పెద్దదిక్కు, ఒక సెమిస్టరుకు పైగా పట్టే ప్రాజెక్టు, నేర్చుకున్నది వాడుకునే ఇంటర్న్‌షిప్ ఉన్నవాళ్లే ముందున్నారు. భారీ అప్పుతో బయటికొచ్చినవాళ్లు జీవితంలో సంతృప్తిగా ఉన్న సందర్భాలు బాగా తక్కువ.

రెండో కాలేజీలో చేరితే మిగిలే డబ్బులో కొంత ఈ పనులకే పక్కన పెట్టండి. జీతం రాని మంచి ఇంటర్న్‌షిప్ వస్తే ఆ రెండు నెలల ఖర్చుకు, ఒక మంచి కంప్యూటరుకు, బయటి కోర్సుకు అది పనికొస్తుంది. మొదటి సెమిస్టరులోనే ఒక అధ్యాపకుడితో పరిచయం పెంచుకోమని, రెండో ఏడాది నుంచే చిన్న ప్రాజెక్టులు మొదలుపెట్టమని అమ్మాయికి చెప్పండి. మూడో ఏడాది దాకా ఆగితే అప్పటికే అందరూ అదే వెతుకుతుంటారు.

మీ రిటైర్మెంట్ పొదుపును మాత్రం ఏ కాలేజీకీ ముట్టుకోకండి. చదువుకు అప్పు పుడుతుంది, వృద్ధాప్యానికి పుట్టదు. పొదుపంతా పెడతామని రాశారు, అందులో ఆ డబ్బు కూడా ఉంటే తీసి పక్కన పెట్టి లెక్క మళ్లీ వేయండి.

చివరగా, మీ ఉత్తరంలో అమ్మాయి ఏమనుకుంటోందో ఒక్క మాటా లేదు. ఈ వారంలోనే ఆమెను కూర్చోబెట్టుకుని, బ్యాంకు చెప్పిన వడ్డీ రేటుతో ఈ లెక్కంతా ఆమె చేతే వేయించండి. కిస్తీ పోగా నెలకు మిగిలేది ఎంతో ఆమే రాయాలి. అప్పటికీ మొదటి కాలేజీయే కావాలంటే, ఎందుకో అడిగి ఆ కారణాలతో మళ్లీ నాకు రాయండి.