సబ్‌మెరైన్ లోపల ఎర్ర లైట్లు ఎందుకు?
మా కళింగపట్నం వైపు రాత్రి కరెంటు పోతే ముందు ఏటీ కనిపించదు, ఓ 20, 30 నిమిషాలు పోయాక ఇసక మీద పడవలు కూడా మెల్లగా తెలుస్తాయి, అప్పుడెవడైనా సెల్లు టార్చి మొహం మీద కొట్టాడా మళ్లీ మొదటికే. మీరడిగిన ఎర్ర లైట్ల కథంతా ఇదే.

చీకట్లో చూడ్డానికి పనికొచ్చే, కంట్లోని రాడ్ కణాలకి ఎరుపు పెద్దగా ఆనదు, అందుకని ఎర్ర వెలుతుర్లో పని చేసుకుంటూ ఉన్నా కూడా, నీళ్లలోంచి పైకి చూసే గొట్టం పెరిస్కోప్‌లో కన్ను పెట్టగానే రాత్రి సముద్రం కనిపిస్తుంది (వైజాగ్ బీచ్‌లో మ్యూజియంగా పెట్టిన కురుసుర సబ్‌మెరైన్ ఎక్కినోళ్లకి ఆ పెరిస్కోప్ గుర్తుండే ఉంటది). పైగా ఎండ పొడ తెలీని ఆ డబ్బాలో ఎర్ర లైటు పడిందంటే బయట రాత్రయిందని లెక్క. సినిమాల్లో చూపించినట్టు ప్రతి ఎర్ర లైటూ ప్రమాదం కాదు.

కాకపోతే ఎర్ర వెలుతుర్లో మ్యాపు మీద ఎర్ర గీతలు కనిపించి చావవు, అందుకే అమెరికా నేవీ తర్వాత మసక తెల్ల లైట్లకి మారింది. శబ్దంతో చుట్టుపక్కల ఏముందో పసిగట్టే సోనార్ గదిలో నీలం లైట్లు వేరే గొడవ, స్క్రీన్లు బాగా కనపడాలని. అమెరికా వాళ్ల ఇప్పటి వర్జీనియా క్లాస్ సబ్‌మెరైన్లలో అయితే కన్ను పెట్టి చూసే పెరిస్కోపే లేదు, కెమెరా బొమ్మ నేరుగా స్క్రీన్ మీదకొచ్చేస్తుంది.