శని, ఆదివారాల్లో ట్యూబ్ మూసేస్తే: లండన్‌కి కొత్తగా వచ్చిన అమ్మాయికి పెదనాన్న ఉత్తరం

అమ్మలూ,

మొన్న ఆదివారం పొద్దున్నే ఈస్ట్ హామ్ ట్యూబ్ (ఇక్కడి మెట్రో రైలు) స్టేషన్‌కి వెళ్తే గేటు మూసి ఉందని, ఏం చేయాలో తోచక అక్కడే నిలబడిపోయావని, టవర్ హిల్‌లో షిఫ్టుకి గంట ఆలస్యంగా చేరి మాట పడ్డావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నువ్వు ఈ ఊళ్లో ఉన్నన్నాళ్లూ పట్టాల పనుల కోసం వారాంతాల్లో ఈ మూతలు ఉంటూనే ఉంటాయి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, తీరిగ్గా చదువుకో.

ముందు ఒక అలవాటు చేసుకో. గురువారం సాయంత్రం టీఎఫ్‌ఎల్ (లండన్ రవాణా సంస్థ) యాప్ తెరిచి ఆ వారాంతం ఏమేం మూస్తున్నారో చూడు. శనివారం రాత్రి పడుకునే ముందు ఇంకోసారి చూడు. అందులో లైను పేరు చూసి బెంబేలెత్తకు, ఏ స్టేషన్ నుంచి ఏ స్టేషన్ దాకా అన్నది చదువు. నువ్వెక్కే డిస్ట్రిక్ట్ లైను క్లోజ్ అన్నంత మాత్రాన లైను మొత్తం ఆగిపోయినట్టు కాదు. ఎక్కడో రిచ్‌మండ్ వైపు ఆపితే నీకేం ఇబ్బంది లేదు. అదే వైట్‌చాపెల్, బార్కింగ్ మధ్య ఆపితే నీ దారి తెగినట్టే. హామర్‌స్మిత్ అండ్ సిటీ లైను ఉంది కదా అనుకోకు, నీ దగ్గర ఆ రెండూ ఒకే పట్టాల మీద నడుస్తాయి. తేదీలు కూడా చూసుకోవాలి. ఒక్కోసారి శనివారం నడిచి ఆదివారం ఒక్కరోజే ఆపుతారు. అసలు మూతలేమీ లేకపోయినా ఆదివారం మొదటి బండి మిగతా రోజులకన్నా ఆలస్యం. ఆరింటికల్లా షిఫ్టులో ఉండాలంటే ట్యూబ్‌ని నమ్ముకోకు.

ఇక నీ దారుల సంగతి. నువ్వుండే చోట ఒకటికి మూడు దారులున్నాయి, అది నీ అదృష్టం. హై స్ట్రీట్ నార్త్ పట్టుకుని మహాలక్ష్మి గుడి మీదుగా ఉత్తరానికి వెళ్తే మేనర్ పార్క్ వస్తుంది. నడవలేకపోతే 101 బస్సు ఉంది. అక్కడ ఎలిజబెత్ లైను ఎక్కి లివర్‌పూల్ స్ట్రీట్‌లో దిగితే టవర్ హిల్‌కి నడిచే వెళ్లొచ్చు. రెండోది, బార్కింగ్ వెళ్లి సీటూసీ (c2c) అనే కంపెనీ రైలెక్కి ఫెన్‌చర్చ్ స్ట్రీట్‌లో దిగడం. నీ పని చోటు ఆ పక్కనే. కాకపోతే సీటూసీ పట్టాలు డిస్ట్రిక్ట్ లైను పక్కనే పోతాయి కాబట్టి ఒక్కోసారి రెండూ ఒకే వారాంతంలో ఆగుతాయి, అదీ చూసుకో. మూడోది 115 బస్సు. బార్కింగ్ రోడ్డు, పాప్లర్, కమర్షియల్ రోడ్డు మీదుగా ఆల్డ్‌గేట్ దాకా వెళ్తుంది. నిదానంగా పోతుంది కానీ, పట్టాల మీద ఏ పని జరిగినా దానికి సంబంధం లేదు. పని లేని రోజున ఈ మూడు దారుల్లోనూ ఒక్కోసారి వెళ్లి రా, ఎంతసేపు పడుతుందో నీకే తెలుస్తుంది. హడావిడిలో ఫోన్ చూస్తూ కొత్త దారి వెతుక్కోవడం చాలా కష్టం.

రీప్లేస్‌మెంట్ బస్సులు వేస్తారు, వాటికి టికెట్ అక్కర్లేదు. అవి మామూలు బస్టాప్‌లో కాకుండా ఇంకెక్కడో ఆగొచ్చు, స్టేషన్ గేటు దగ్గరి పోస్టరులో మ్యాపు ఉంటుంది. రైలుకి పట్టే సమయానికి రెట్టింపు, అంతకన్నా ఎక్కువే వేసుకో. ఒక్కటి మాత్రం మరవకు. రైలు సగం దారిలో ఆపి బస్సెక్కమంటే, గేటు దగ్గర కార్డు ట్యాప్ చేసి బయటికి రా. గేటు తెరిచి ఉంది కదా అని అలాగే వచ్చేస్తే ప్రయాణం పూర్తికాలేదని గరిష్ఠ ఛార్జీ పడుతుంది. ముందే ప్రకటించిన మూతలకి ఆలస్యమైందని రిఫండ్ ఇవ్వరు, ఆ ఆశ పెట్టుకోకు. షిఫ్టుకి ఇబ్బంది అవుతుందనుకుంటే శుక్రవారమే మేనేజరుకి ఆ నోటీసు స్క్రీన్‌షాట్ పంపు. ముందు చెప్పిన మాటకి ఉండే విలువ ఆలస్యమయ్యాక చెప్పే కారణానికి ఉండదు.

మన హైదరాబాద్ మెట్రో ఇలా ఆగదు కదా అన్నావట. అది 2017లో మొదలైంది తల్లీ, ఇక్కడ మొదటి బండి 1863లో నడిచింది. ఎడ్జ్‌వేర్ రోడ్ దగ్గర 1926 నాటి సిగ్నల్ క్యాబిన్‌తోనే మొన్నమొన్నటిదాకా నెట్టుకొచ్చారు. నేను పట్టాలు బాగుచేసే రాత్రి గ్యాంగుల్లో ఏళ్ల తరబడి పనిచేశాను కాబట్టి లోపల జరిగేది నీకు చెప్పాలి. ఒంటిగంట ప్రాంతంలో ఆఖరి బండి పోతుంది. ఇక్కడ చక్రాల పట్టాలు కాకుండా కరెంటుకి వేరే రెండు పట్టాలుంటాయి. కరెంటు తీసేశామని కబురొచ్చినా ఎవరూ దిగరు. మా రక్షణ చూసేవాడు ఒక పరికరాన్ని ఆ పట్టాల మీద పెట్టి, కరెంటు లేదని తేల్చుకుని చెప్పాకే అడుగు పెట్టాలి. ఆ తర్వాత సామాను మోసుకుంటూ సొరంగంలో నడక. సామాను తెచ్చే పసుపు రంగు ఇంజన్లు బ్యాటరీతో నడుస్తాయి, కరెంటు లేదు కదా మరి. తెల్లవారుజామున ఐదు కాకముందే మనుషుల్నీ, ప్రతి స్పానర్‌నీ లెక్కపెట్టుకుని బయటపడాలి. అన్నీ పోను చేతికి దక్కేది రెండు మూడు గంటలు. 2016 ఆగస్టులో నైట్ ట్యూబ్ (రాత్రంతా నడిచే బండ్లు) వచ్చాక, అది నడిచే లైన్లలో శుక్ర, శనివారాల రాత్రి ఆ కాస్త సమయం కూడా లేదు.

ఆ వ్యవధిలో ఒక పట్టా ముక్క మార్చొచ్చు. బండ్లు ఒక ట్రాక్ నుంచి ఇంకో ట్రాక్‌కి మళ్లే క్రాసింగు మార్చడం మాత్రం కుదరదు. 2015 ఆగస్టులో విక్టోరియా లైనులో సెవెన్ సిస్టర్స్, వాల్తమ్‌స్టో మధ్య మూడు వారాలపాటు ఆపేసింది అలాంటి క్రాసింగు కోసమే. 2017 నుంచి ఆ లైనులో రద్దీ వేళ గంటకి 36 బండ్లు, అంటే 100 సెకన్లకి ఒకటి. నీ డిస్ట్రిక్ట్ లైనుకీ, దాంతో కలిసి నడిచే మరో మూడు లైన్లకీ కంప్యూటర్ సిగ్నలింగ్ పెడుతున్నారు. 2019 మార్చిలో హామర్‌స్మిత్, లాటిమర్ రోడ్ మధ్య మొదలుపెట్టి ముక్కముక్కగా ముందుకు తెస్తున్నారు. ప్రతి ముక్కకీ ఖాళీ బండ్లు నడిపి చూడాలి, జనాన్ని కూర్చోబెట్టుకుని ఆ పరీక్షలు చేయకూడదు.

నన్నడిగితే, ముక్కలు ముక్కలుగా ఎన్నో వారాంతాలు ఆపేకన్నా ఒకేసారి ఆపేయడం మేలు. 2022లో నార్తర్న్ లైనులో బ్యాంక్ స్టేషన్ మీదుగా వెళ్లే శాఖని, మూర్‌గేట్, కెన్నింగ్టన్ మధ్య, జనవరి నుంచి మే దాకా 17 వారాలు మూశారు. దక్షిణం వైపు బండ్లకి కొత్త సొరంగం కలిపారు, ఇరుకు ప్లాట్‌ఫామ్ విశాలమైంది. మొదటి వారం అందరం ఇబ్బంది పడ్డాం, తర్వాత ఎవరి దారి వాళ్లు చూసుకున్నాం. వారాంతపు మూత అలా కాదు, ప్రతిసారీ ఎవరో ఒకరు తెలియక వచ్చి గేటు ముందు ఆగిపోతారు. ఎక్కువగా ఇరుక్కునేది మీలాంటి ఆదివారం షిఫ్టుల వాళ్లే, అది నాకు నిజంగా బాధ.

అన్నట్టు, అమ్మానాన్నా వచ్చేది శనివారం అన్నావు. హీత్రో నుంచి పికడిల్లీ లైనుని నమ్ముకుని ప్లాన్ వేయకు. అందులో ఇంకా 1973 నాటి మోడల్ బండ్లే తిరుగుతున్నాయి. సీమెన్స్ వాళ్ల 94 కొత్త బండ్ల కోసం వారాంతాల్లో పనులు చేస్తున్నారు. పెద్ద సూట్‌కేసులతో ఆ మెట్ల స్టేషన్లు మీ నాన్న మోకాళ్లకి పడవు కూడా. ఎలిజబెత్ లైనే మంచిది, వైట్‌చాపెల్‌లో మారి మేనర్ పార్క్ చేరొచ్చు. ఆ రోజు అదీ ఆపితే నేనే కారు తీసుకొస్తాను. ఫ్లైటు నంబరు, దిగే టెర్మినలు ఈ వారంలోనే నాకు వాట్సాప్‌లో పెట్టు.

ఆశీస్సులతో,
పెదనాన్న